మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర "నువ్వు ఇండియనేనా?" అని అడుగుతున్నారు. ఆదివారం మీటింగ్‌లో నేనేం మాట్లాడాలి?

కొమ్మాది వాసి | బుధవారం, సాయంత్రం 6:10

మా పక్కన ఇంకో రెండు బ్లాకులు లేస్తున్నాయి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్ పనికి పాతికమంది దాకా కుర్రాళ్ళు వచ్చారు. రేకుల షెడ్లలో ఉంటున్నారు. వాళ్ళలో వాళ్ళు బెంగాలీ మాట్లాడుకుంటారు. పోయిన ఆదివారం మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన వాళ్ళ ఫొటో పెట్టి "వీళ్ళు బంగ్లాదేశీలు, ఖాళీ చేయించాలి" అని రాశారు. సాయంత్రానికల్లా నలుగురు గేటు దగ్గర చేరి, పాల ప్యాకెట్టు కోసం వచ్చిన ఒకతన్ని ఆపి ఆధార్ చూపించమన్నారు. చూపించాడు. "ఇది దొంగది కాదని గ్యారంటీ ఏంటి?" అన్నారు. ఆ పిల్లాడికి పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. పాల ప్యాకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. కిందికి దిగలేదు. నాలుగు రోజులుగా అదే మనసులో మెదులుతోంది.

మా అమ్మాయి అమెరికాలో చదువు ముగించి, స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు ఉద్యోగానికి వీలిచ్చే ఓపీటీ మీద పనిచేస్తోంది. ఈ మధ్య బయటికి వెళ్తే కాలేజీ ఇచ్చిన ఐ-20 కాగితం, పాస్‌పోర్టు కాపీ బ్యాగులో పెట్టుకునే వెళ్తుంది. దాన్ని ఎవరైనా కిరాణా కొట్టు ముందు ఇలా నిలబెడితే నేనేమైపోతాను?

ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది. షెడ్లు తీయించాలని తీర్మానం పెడతారట. సరిహద్దు గట్టిగా ఉండాలనే నేనూ అనుకుంటాను. అలాగని ఆ రోజు గేటు దగ్గర జరిగింది సరైనదని అనలేను. రెండూ కలిపి ఎలా మాట్లాడాలో తెలియడం లేదు. పెద్దవాళ్ళు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

డాల్ఫిన్ నోస్ | బుధవారం, రాత్రి 8:25

మాస్టారూ, నేను నేవీలో ఇరవై రెండేళ్ళు చేసి రిటైరయ్యాను. మన విశాఖ మామూలు ఊరు కాదు. తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్స్ ఇక్కడ ఉంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన రేవు ముందు దాకా వచ్చి మునిగింది. 2008లో ముంబై మీదికి వచ్చినవాళ్ళు గుజరాత్ జాలర్ల 'కుబేర్' బోటుని పట్టుకుని, దాంట్లోనే వచ్చారు. ఆ తర్వాతే మత్స్యకారులకు బయోమెట్రిక్ కార్డులు, నేవీలో తీరం కాపలా కాసే సాగర్ ప్రహరీ బల్ వచ్చాయి. అంతకుముందు "మన జాలర్లే కదా" అని ఊరుకునేవాళ్ళం.

బంగ్లాదేశ్‌తో మనకి 4,096 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. అందులో చాలా చోట్ల నదులు, చిత్తడి నేలలు. కంచె వేయడానికే వీలుకాదు. దొంగ కాగితాలతో వచ్చేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని దాటించే దళారులూ ఉన్నారు. అది అబద్ధం అని ఎవరూ అనకండి. దేశంలో ఎవరున్నారో ప్రభుత్వానికి తెలియాలి. నాకు అందులో మొహమాటం లేదు.

గేటు దగ్గర ఆ నలుగురు చేసింది మాత్రం తప్పు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు కూడా, ఆర్డరు లేకుండా ఎవరి కాగితాలూ అడగలేదు.

సీతమ్మధార 42 | బుధవారం, రాత్రి 9:02

తప్పేంటి? మా వీధిలో అద్దెకిచ్చేటప్పుడు తెలుగువాళ్ళనే సవాలక్ష ప్రశ్నలు అడుగుతాం. మన పిల్లలు ఆడుకునే చోట ఊరూ పేరూ తెలియని పాతికమంది ఉంటే తల్లిదండ్రులకు టెన్షన్ ఉండదా? ఏదైనా జరిగాక ఎవరిని పట్టుకోవాలి? అమెరికా వాళ్ళు తమ దేశం కోసం గట్టిగా ఉంటే తప్పులేదు గానీ, మనం అడిగితే తప్పా? 2025 ఫిబ్రవరి 5న 104 మంది మనవాళ్ళని మిలిటరీ విమానంలో అమృత్‌సర్‌లో దింపారు. చట్టం తప్పి వెళ్ళారు కాబట్టి పంపేశారు. ఏ దేశమైనా చేసే పనే అది.

ఉక్కునగరం పిల్ల | బుధవారం, రాత్రి 10:47

సీతమ్మధార గారూ, ఆ 104 మందిలో చాలామందిని చేతులకి, కాళ్ళకి సంకెళ్ళు వేసి తెచ్చారు. పంపడం తప్పని నేను అనడం లేదు. ఆ సంకెళ్ళు చూసి మీకు ఏమీ అనిపించలేదా అండీ?

నేను డల్లాస్‌లో ఉంటున్నాను. పుట్టింది, పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. హెచ్1బీ వర్క్ వీసా మీద తొమ్మిదో ఏడు. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చింది కదా, ఆ రాత్రి నేను వైజాగ్‌లో అమ్మ దగ్గర ఉన్నాను. కంపెనీ నుంచి "21వ తేదీ లోపు వెనక్కి వచ్చేయండి" అని మెయిల్. నాన్నగారు బ్యాంకు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు, టికెట్టు ఎంతైనా కొనేద్దాం అని. మర్నాటికి, పాత వీసాలకి ఆ ఫీజు వర్తించదని చెప్పారు. ఆ ఒక్క రాత్రిలో మా అమ్మకి బీపీ ఎంత పెరిగిందో నాకు తెలుసు.

ఇక్కడి చరిత్ర కూడా చెప్పనివ్వండి. 1917లో ఆసియా వాళ్ళు రాకూడదని అమెరికా చట్టం చేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో వాళ్ళ సుప్రీంకోర్టు, భారతీయుడికి పౌరసత్వం చెల్లదంది. 1946లో తలుపు కాస్త తీశారు, మొత్తం భారతదేశానికి ఏడాదికి 100 మంది. 1965 చట్టం తర్వాతే మనవాళ్ళ రాక పెరిగింది. ఇప్పుడు కూడా ఉద్యోగ కోటాలో ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్‌కార్డులు, వాటిలో మామూలుగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి రాదు. అంత పెద్ద ఇండియాకీ అంతే, చిన్న దేశానికీ అంతే. అందుకే మేం ఏళ్ళ తరబడి లైన్లో ఉన్నాం. మా బాబు ఇక్కడే పుట్టాడు. వాడికి ఉన్న హక్కు నాకు లేదు.

వీసా నిబంధనలు పెట్టుకోవడం వాళ్ళ ఇష్టం. నేను గొడవ పడను. కానీ దుకాణంలో వెనక నిలబడ్డ ఒకావిడ "మీ దేశం ఎప్పుడు వెళ్తావు?" అన్నప్పుడు, నాకు చట్టం గురించి కాదు, అమ్మ గురించి ఏడుపొచ్చింది. ఆ పాల ప్యాకెట్టు పిల్లాడి గురించి చదివితే మళ్ళీ అదే గుర్తొచ్చింది.

మేస్త్రీ గారబ్బాయి | గురువారం, ఉదయం 6:30

పనికెళ్ళే ముందు రాస్తున్నా. మా నాన్న సెంట్రింగ్ మేస్త్రీ, ఇప్పుడు నేనూ అదే. అందరూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు. ఇక్కడ కూలి మాట ఎవరూ ఎత్తలేదు.

బయటి బ్యాచ్‌లు వచ్చాక మా సైట్లలో లోకల్ వాళ్ళకి పని తగ్గింది. నిజం. వాళ్ళు షెడ్డులోనే ఉంటారు, పొద్దున్న ఆరింటికి దిగి చీకటి పడేదాకా చేస్తారు, పండక్కి సెలవు అడగరు. మావాళ్ళు అనకాపల్లి, ఎస్.కోట నుంచి బస్సుల్లో వచ్చి వెళ్ళాలి. బిల్డరు ఎవర్ని పెట్టుకుంటాడు? అది బాధ కాదా?

కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. వాళ్ళకి ఇచ్చే కూలి తక్కువ. తీసుకొచ్చినవాడు మధ్యలో కోసుకుంటాడు. పోయిన ఏడు నా పక్క సైట్‌లో ఒకడు మూడో అంతస్తు నుంచి పడ్డాడు. హాస్పిటల్ ఖర్చుకి మేమే చందాలు వేశాం. తీసుకొచ్చినవాడు ఫోన్ స్విచాఫ్. వాళ్ళకి సరైన కూలి, ఇన్సూరెన్స్, ఓవర్‌టైమ్ కట్టాల్సి వస్తే బిల్డరు వాళ్ళని అంత దూరం నుంచి తేడు. మాకూ పని దొరుకుతుంది. షెడ్లు పీకేస్తే ఈ పాతికమంది పోతారు, వచ్చే నెల ఇంకో పాతికమంది వస్తారు. మాకు ఒరిగేదేం లేదు.

లా కాలేజీ రోడ్డు | గురువారం, మధ్యాహ్నం 1:15

వకీలుగా కొన్ని విషయాలు చెబుతాను. ఆదివారం మీకు పనికొస్తాయి.

బెంగాలీ మాట్లాడటం దేనికీ రుజువు కాదు. పశ్చిమ బెంగాల్, త్రిపుర, అసోంలో బరాక్ లోయ వాళ్ళు భారతీయులే. మన పక్కనే ఒడిశా మల్కన్‌గిరిలో 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు బెంగాల్ శరణార్థులకు ప్రభుత్వమే భూములిచ్చి స్థిరపరిచింది. వాళ్ళ మనవలు ఇప్పుడు మన విశాఖలో పనికి వస్తుంటారు. రాజ్యాంగం 19వ అధికరణం ప్రకారం ఏ పౌరుడైనా దేశంలో ఎక్కడైనా తిరగొచ్చు, ఉండొచ్చు.

ఇక ఆధార్. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ నివాసం ఉంటే విదేశీయుడికి కూడా ఇస్తారు. కాబట్టి గేటు దగ్గర ఆధార్ అడిగినవాళ్ళకి దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. మరి ఏది రుజువు? 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుడితే తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదన్న షరతు కూడా చేరింది. మీ అసోసియేషన్‌లో 1990లో పల్లెలో మంత్రసాని చేతుల్లో పుట్టినవాళ్ళు ఎంతమంది తమ జనన ధ్రువీకరణ, దానితోపాటు అమ్మానాన్నలది తెచ్చి చూపించగలరు? అడిగి చూడండి. నేనైతే మా అమ్మగారిది చూపించలేను.

2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లో ఉంది. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాల స్థానంలో వచ్చింది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే 5 ఏళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దొంగ పాస్‌పోర్టు అయితే 2 నుంచి 7 ఏళ్ళు. అంటే డాల్ఫిన్ నోస్ గారు అడిగిన గట్టి చట్టం ఉంది. విదేశీయుడు కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కూడా పాత చట్టంలో లాగే ఆ మనిషిదే. ఇంత బరువైన చట్టాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? అధికారం ఉన్న అధికారి చేతిలో. అపార్ట్‌మెంట్ కమిటీ చేతిలో కాదు.

తొందరపడితే ఏమవుతుందో కూడా చూశాం. ఢిల్లీలో పట్టుకుని సరిహద్దు అవతలికి పంపేసిన కొందరు పశ్చిమ బెంగాల్ వాళ్ళని వెనక్కి తీసుకురావాలని 2025 సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

సీతమ్మధార 42 | గురువారం, మధ్యాహ్నం 2:40

లాయరు గారూ, అంత చట్టం ఉన్నా అసోంలో ఏమైంది? 2019 ఆగస్టు 31న ఎన్ఆర్‌సీ, అంటే పౌరుల రిజిస్టరు, తుది జాబితాలో 19 లక్షల మంది పేర్లు లేవు. ఇప్పటికీ అది తేలలేదు. నలభై ఏళ్ళు ఎవరూ పట్టించుకోకపోతే అక్కడి జనం ఎంత బాధపడ్డారో వాళ్ళకే తెలుసు. మన ఊరు అలా కాకూడదనే నా భయం. నాకు ఎవరి మీదా కోపం లేదు.

లా కాలేజీ రోడ్డు | గురువారం, మధ్యాహ్నం 3:05

మీ భయం నాకు అర్థమైంది. అసోం వాళ్ళ బాధ నిజమైనదే, వాళ్ళ భాష, భూమి గురించిన బాధ అది. కానీ ఆ 19 లక్షల మందిలో పేరులో ఒక అక్షరం తేడా వచ్చి పోయినవాళ్ళు ఉన్నారు, తండ్రి పేరు జాబితాలో ఉండి కొడుకు పేరు లేనివాళ్ళు ఉన్నారు. తేల్చడం ఎంత కష్టమో చూపించింది కూడా అసోమే.

జాలారిపేట | గురువారం, రాత్రి 11:20

వేట నుంచి ఇప్పుడే వచ్చాను. ఫోన్‌లో చదివాను.

సముద్రం మీద గీత కనపడదు. బాబూ, అది మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇంజిన్ ఆగిందంటే, నీటి ప్రవాహం ఎటు లాగితే అటే. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్ళిన మా ఉత్తరాంధ్ర వాళ్ళు పాకిస్తాన్‌కి చిక్కారు. కరాచీ జైల్లో పద్నాలుగు నెలలు ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా గేటు దాటి వచ్చారు. ఇక్కడ జెట్టీలు సరిగా లేకనే అంత దూరం గుజరాత్ పోయి కళాసీలుగా చేస్తారు. 2025 అక్టోబరులో విజయనగరం జిల్లా వాళ్ళు బంగ్లాదేశ్ వైపు పోయి అక్కడ పట్టుబడ్డారు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగారు.

బోటు నడిపే మా సరంగు మావయ్య ఒకసారి చెప్పాడు. చీకట్లో దారి తప్పి, ఎవరో లైటు వేసి దగ్గరకొస్తుంటే, "ఏ దేశం వాళ్ళైనా పర్లేదు, ముందు నీళ్ళిస్తే చాలు" అనుకున్నాడట. వాళ్ళు బంగ్లా జాలర్లు. నీళ్ళిచ్చారు, డీజిల్ ఇచ్చారు, ఇటు పొమ్మని వేలు చూపించారు.

మమ్మల్ని అక్కడ పట్టుకుంటే మీరందరూ "పాపం, పొట్టకూటి కోసం పోయారు" అంటారు. అక్కడివాడు ఇక్కడికొస్తే "చొరబాటుదారు" అంటారు. ఎవడు దొంగో, ఎవడు పొట్టకూటి కోసం వచ్చాడో చూసి చెప్పమంటాను, అంతే.

డాల్ఫిన్ నోస్ | శుక్రవారం, ఉదయం 7:10

తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజం. వేరే దేశపు ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపలు పట్టినందుకు జైలు వేయకూడదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణంలో ఉంది, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపలికి వస్తే ఆ రక్షణ ఉండదు. 2008 ఒప్పందం ప్రకారం ఇండియా, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎవరు ఎక్కడున్నారో పేరు రాసి ఉంటేనే మనిషి ఇంటికొస్తాడు. లెక్క ఉండాలని నేను అనేది కూడా అందుకే.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. 2019 డిసెంబరులో మన పోలీసులు 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' అని పట్టుకున్నది నేవీ వాళ్ళనే. ఏడుగురు. ఫేస్‌బుక్‌లో పరిచయమైన ఆడవాళ్ళ వలలో పడి సమాచారం ఇచ్చారన్నది కేసు. ఏ సరిహద్దూ ఎవరూ దాటలేదు. ఆ వార్త చదివిన రోజు నేను అన్నం తినలేదు.

గాజువాక అమ్మ | శుక్రవారం, మధ్యాహ్నం 12:30

నాకు టైపింగ్ సరిగా రాదు, మా అమ్మాయి కొడుతోంది.

మా అబ్బాయి డిగ్రీ చదివి ఖాళీగా ఉంటే, తెలిసినవాళ్ళ ద్వారా ఒక ఏజెంటు వచ్చాడు. కంబోడియాలో డేటా ఎంట్రీ, నెలకి అరవై వేలు అన్నాడు. లక్షన్నర కట్టాం. నా గాజులు కుదువ పెట్టాను. బ్యాంకాక్ మీదుగా తీసుకెళ్ళారు. దిగగానే పాస్‌పోర్టు తీసేసుకున్నారట. ఒక బిల్డింగులో పెట్టి, మనవాళ్ళకే ఫోన్లు చేసి మోసం చేయమన్నారు. చేయనంటే తిండి పెట్టలేదు. చీకటి గదిలో పెట్టారు. 2024 మే నెలలో మన సిటీ పోలీసులు ఏజెంట్లను పట్టుకుని, ఈ సంగతి బయటపెట్టాక, వాడూ వాడితో ఉన్నవాళ్ళూ ధైర్యం చేసి గొడవ చేసి బయటపడ్డారు. వచ్చిన పిల్లాడు నెల రోజులు ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు.

ఇక్కడ అందరూ చెకింగ్ వద్దు, చెకింగ్ కావాలి అంటున్నారు. నా మాట వినండి. వాడు వెళ్ళిన రోజు ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసరు "ఎందుకెళ్తున్నావు?" అని అడిగాడట. ఏజెంటు చెప్పమన్నట్టే "టూరిస్టుని" అన్నాడు. ముద్ర వేసి పంపేశారు. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, "హోటల్ ఎక్కడ, తిరుగు టికెట్టు ఏది, డబ్బెంత ఉంది?" అని ఆపేసి ఉంటే నా కొడుకు వెళ్ళేవాడే కాదు. నాకు ఆ చెకింగ్ కావాలి. పోయేవాళ్ళని కాపాడే చెకింగ్.

ఇచ్ఛాపురం టు దమ్మాం | శుక్రవారం, మధ్యాహ్నం 2:00

అమ్మా, మీ కాళ్ళకి దండం. ఎవరూ చెప్పని మాట చెప్పారు.

నేను పదకొండేళ్ళు సౌదీలో ఉన్నాను. పది పాస్ కానివాళ్ళకి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు, అంటే పనికి బయల్దేరేముందు ప్రభుత్వ అనుమతి చూడాల్సిన పాస్‌పోర్టు. సౌదీ, కువైట్, మలేసియా లాంటి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. 1983 చట్టం అది. ఆ జాబితాలో కంబోడియా లేదు. పైగా మీ అబ్బాయి డిగ్రీ చదివాడు కాబట్టి ఎవరూ అడగరు. చదువుకున్న పిల్లలే ఇప్పుడు ఎక్కువ ఇరుక్కుంటున్నారు. ఈ చర్చ చదివేవాళ్ళలో ఎవరి పిల్లలైనా బయల్దేరుతుంటే, లైసెన్సు ఉన్న ఏజెంటేనా అని ఆ పోర్టల్‌లో చూడండి. లైసెన్సు ఉన్నవాడు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర అన్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకి 275 రూపాయలే, 10 లక్షల కవరేజి. నాతో వచ్చినవాళ్ళలో సగం మందికి ఆ సంగతే తెలియదు.

ఇంకో సంగతి. "అక్రమంగా ఉన్నవాడు" అంటే కంచె దూకి వచ్చినవాడు అనుకుంటారు. నేను వీసా మీద, స్టాంపుతో, విమానంలో వెళ్ళాను. నా ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ చేయించాల్సింది నన్ను పనిలో పెట్టుకున్న కఫీలు. చేయించలేదు. జీతం అడిగితే పారిపోయాడని 'హురూబ్' పెట్టాడు. రాత్రి పడుకున్నప్పుడు సక్రమం, పొద్దున్న లేచేసరికి అక్రమం. నేను మంచం మీంచి కదల్లేదు. ఏడు నెలలు రోడ్డు మీద పోలీసు జీపు కనిపిస్తే సందులోకి తప్పుకునేవాణ్ణి. చివరికి ఇంటికి పంపడానికి ఇచ్చే ఔట్‌పాస్ కాగితం మీద వచ్చాను. ఆ ఏడు నెలలూ నాకు అన్నం పెట్టింది ఒక బంగ్లాదేశ్ టైలరు. పేరు చెప్పను, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

బర్మా క్యాంపు మనవరాలు | శుక్రవారం, రాత్రి 9:50

మూడు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను.

కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఇప్పటి పిల్లలకి తెలియదు. మేం అక్కడివాళ్ళం. మా ముత్తాత భీమిలి రేవులో ఓడెక్కి రంగం వెళ్ళాడు. మన పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు. విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ, ఏ రేవు నుంచైనా ఓడలు ఉండేవి. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. బర్మా అప్పట్లో బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కరువొస్తే రంగం, పెళ్ళికి అప్పు అయితే రంగం. వరి మిల్లుల్లో, రేవులో మూటలు మోసేవాళ్ళలో మన తెలుగువాళ్ళే ఎక్కువ. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో 10 లక్షల మంది భారతీయులు. రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్ళే. అక్కడివాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. వాళ్ళ రాజధానిలో వాళ్ళ భాష వినబడదు. మమ్మల్ని 'కోరంగీలు' అనేవారట, మన కోరంగి రేవు పేరు మీద. అది తిట్టుగా మారింది.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ కంపెనీల వాళ్ళు బర్మా కూలీలని దింపారు. సమ్మె తేలిపోయి మనవాళ్ళు పనిలోకి వచ్చేసరికి, ఆ బర్మా వాళ్ళని పొమ్మన్నారు. అక్కడ మొదలైంది కొట్లాట. ఎంతోమంది తెలుగువాళ్ళని నరికేశారు. మా ముత్తాత గోదాములో గోనెల కింద రెండు రోజులు ఉన్నాడు. మేస్త్రీ గారబ్బాయి రాసింది చదివినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. రెండు పక్కలా పేదవాళ్ళే, మధ్యలో కూలి తగ్గించిన ఆసామి ఎవరికీ కనబడలేదు.

తర్వాత 1939లో జేమ్స్ బాక్స్‌టర్ అనే అధికారిని విచారణకి పెట్టారు. భారతీయ కూలీలు బర్మా వాళ్ళ పనిని లాక్కోలేదని, వాళ్ళు చేయని పనికే చాలావరకు తోడయ్యారని ఆయన రాశాడు. అప్పటికే జనంలో కోపం పేరుకుపోయింది. రిపోర్టు ఎవరు చదువుతారు? అంతకుముందే, 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. ఒక రోజు పొద్దున్నకి మా వాళ్ళు పరాయి దేశంలో ఉన్నారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చినవాళ్ళు, దారిలో కలరాతో పోయినవాళ్ళు. మా ముత్తాత తమ్ముడు అలా పోయాడు. యుద్ధం అయ్యాక ముత్తాత మళ్ళీ వెళ్ళాడు. ఇల్లు అక్కడే ఉంది మరి.

1962 మార్చిలో జనరల్ నె విన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాక దుకాణాలన్నీ జాతీయం చేశారు. 1964 మేలో అక్కడి డబ్బు, 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. మా తాతయ్య పెట్టెలో అవే ఉన్నాయి. ఓడెక్కేటప్పుడు అమ్మమ్మ చెవులకున్న కమ్మలు తీయించుకున్నారు. ఆవిడ 94 ఏళ్ళు బతికింది. ఆ తర్వాత ఎప్పుడూ చెవులకి ఏమీ పెట్టుకోలేదు. ఇక్కడికి వచ్చాక రేషన్ దుకాణంలో "మీరు బర్మా వాళ్ళు, పక్కకి నిలబడండి" అన్నారట. అక్కడ కోరంగి, ఇక్కడ బర్మా. అమ్మమ్మ రోజూ బర్మా వాళ్ళ చేపల పులుసు నూడుల్స్, మొహింగా చేసేది, పక్కింటివాళ్ళు వాసన అనేవారు. తర్వాత వాళ్ళే గిన్నె పట్టుకొచ్చేవారు.

బర్మా వాళ్ళు తమ దేశానికి చట్టం చేసుకోకూడదని మా అమ్మమ్మ ఏనాడూ అనలేదు. "వాళ్ళ ఊరు, వాళ్ళ ఇష్టం" అనేది. ఆవిడ మర్చిపోలేనిది ఆ కమ్మలు తీసిన మనిషి మొహం. కళ్ళెత్తి చూడలేదట.

సీతమ్మధార 42 | శనివారం, ఉదయం 8:15

అమ్మా, మీ పోస్టు రాత్రి చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. మా మామగారు కూడా రంగం నుంచి వచ్చినవారేనని ఆవిడ అప్పుడు చెప్పింది. పెళ్ళై ముప్ఫై ఒక్క ఏళ్ళు. నాకు ఇప్పుడే తెలిసింది.

నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. బయటివాళ్ళు ఎవరో లెక్క ఉండాలి. కానీ షెడ్లు పీకడం ఎందుకులెండి. పోలీసులకి రాసివ్వండి, వాళ్ళు చూస్తారు.

మేస్త్రీ గారబ్బాయి | శనివారం, రాత్రి 7:40

కొమ్మాది మాస్టారూ, మీటింగ్‌లో ఒక్కటి అడగండి. వాళ్ళని తీసుకొచ్చిన కాంట్రాక్టరు రిజిస్టరు ఎక్కడుంది అని. బయటి రాష్ట్రం కూలీలని తెస్తే పేర్లు, ఊళ్ళు, కూలి రాసిపెట్టాలి. 1979 నుంచీ ఆ చట్టం ఉంది, ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిపారు. రిజిస్టరు ఉంటే మీకు భయం పోతుంది, వాళ్ళకి కూలి వస్తుంది. లేకపోతే తప్పు ఆ కుర్రాళ్ళది కాదు, బిల్డరుది.

కొమ్మాది వాసి | ఆదివారం, రాత్రి 9:30

మీటింగ్ అయింది. నా జీవితంలో మైకు పట్టుకుని మాట్లాడటం ఇదే మొదటిసారి. చేతులు వణికాయి.

బాల్కనీలో నిలబడి దిగలేదన్న సంగతి ముందే చెప్పేశాను. తర్వాత మీరు చెప్పినవన్నీ అడిగాను. ఆధార్ మాట వచ్చినప్పుడు, "మీలో ఎవరికైనా మీ అమ్మగారి జనన ధ్రువీకరణ ఉందా?" అంటే ముగ్గురు చేతులెత్తారు. నూట పది ఫ్లాట్లు మావి. రిజిస్టరు అడిగితే బిల్డరు మేనేజరు "రేపు తెస్తా" అన్నాడు. అప్పటిదాకా కోపంగా ఉన్నవాళ్ళు కూడా అతని వైపు తిరిగారు.

షెడ్లు తీయించే తీర్మానం వీగిపోయింది, నాలుగు ఓట్ల తేడాతో. గేటు దగ్గర ఎవరూ ఎవరి కాగితాలూ అడగకూడదని, అనుమానం ఉంటే స్టేషన్‌లో రాసివ్వాలని రాసుకున్నాం. షెడ్ల వైపు సీసీ కెమెరా పెట్టాలన్నది మాత్రం పాసైంది. నేను వద్దన్నాను. గెలవలేదు.

మీటింగ్ అయ్యాక పాల దుకాణం ఆయన చెప్పాడు. ఆ పిల్లాడు వారం నుంచి ఇటు రావడం లేదట. వేరే ఎవరో రెండు కిలోమీటర్లు నడిచి హైవే మీద కొట్టులో పాలు తెస్తున్నారట. రేపు పొద్దున్న నేనే రెండు ప్యాకెట్లు తీసుకుని షెడ్ల దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. హిందీ నాకు అంతంత మాత్రం. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

డాల్ఫిన్ నోస్ | ఆదివారం, రాత్రి 9:52

కలకత్తాలో నాలుగేళ్ళు పోస్టింగ్ చేశాను. బెంగాలీ బాగానే వచ్చు. ఎన్నింటికి వెళ్తున్నారు? ఆరున్నరలోపు అయితే మంచిది, ఏడింటికల్లా వాళ్ళు పైకి ఎక్కేస్తారు. నేను ఆరుంబావుకి మీ గేటు దగ్గర ఉంటాను.